26వ లెక్కతో నా పేచీ

కాంపస్ సెలక్షన్లకు తయారవుతున్న పిల్లల్ని ఎవర్నైనా ఆపి, కోడింగ్ లెక్కలు సాధన చేసే వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో 26వ లెక్క ఏమిటని అడగండి. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చిన అర్రే, అంటే విలువల వరస, ఒకటి ఇస్తారు, అందులో డూప్లికేట్లు తీసెయ్యాలి. ఇంకో అర్రే వాడకూడదు. ఒక్కో విలువా ఒక్కసారే ఉండేట్టు అదే అర్రే మొదట్లోకి సర్దేసి, ఎన్ని మిగిలాయో ఆ సంఖ్య చెప్పాలి. ఒక పాయింటరు (అర్రేలో ఏ చోట ఉన్నామో చూపే గుర్తు) చదువుకుంటూ ముందు పోతుంది, రెండోది రాసుకుంటూ వెనక వస్తుంది. పది లైన్లు కూడా ఉండదు. గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా, అటు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరికి వెళ్ళినా, బోర్డు మీద ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండు పాయింటర్ల బొమ్మ పడాల్సిందే.

నాకు ఆ లెక్కతో పేచీ ఉంది. లెక్క తప్పని కాదు, మెదడుకి మంచి కసరత్తే. కాకపోతే ఉద్యోగంలో చేరాక చేతికొచ్చే అర్రే మనది కాదు. ఎవరో పేర్చి ఇచ్చారు, మన తర్వాత ఇంకెవరో చదువుతారు. అలాంటిదాని మీద రాసెయ్యడాన్ని మొట్టమొదటి అలవాటుగా నేర్పిస్తున్నాం. పైగా డూప్లికేట్ అంటే డేటాకి పట్టిన మురికి, కడిగేస్తే పోతుంది అన్న నమ్మకం పిల్లల్లో అక్కడే మొదలవుతుంది. నన్నడిగితే ప్రశ్న ఇలా ఉండాలి: అర్రేని ముట్టుకోవద్దు, కాపీ చెయ్యొద్దు. డూప్లికేట్లను దాటుకుంటూ, అడిగినప్పుడల్లా తర్వాతి కొత్త విలువని అందించే ఇటరేటర్ రాయి. కోడ్ పొడవు 26వ లెక్కంతే ఉంటుంది. కానీ రాసేవాడు దేని గురించి ఆలోచిస్తున్నాడో, దేన్ని వదిలేస్తున్నాడో మొత్తం బయటపడుతుంది.

మా ఊళ్ళో డేటా అంటే ముందు మిర్చి డేటానే కాబట్టి దాంతోనే చెబుతాను. యార్డులో కమీషన్ ఏజెంట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం నా వృత్తి. సీజన్ ముదిరాక, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, గుంటూరు మిర్చి యార్డుకి రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, రావడం వింతేమీ కాదు. తేజ, బాడిగ, 334, 341, నంబర్ ఐదు, చివరికి తాలు దాకా రకానికో రేటు. ఒకే రకంలో మళ్ళీ కాయ రంగుని బట్టి, తేమని బట్టి లాటుకో రేటు. ఒక రోజు తేజ లాట్ల ధరలు క్వింటాకి ఇన్ని రూపాయలని తెచ్చి పేర్చామనుకోండి: 13,500, 14,000, 14,000, 14,000, 14,200, 14,500, 14,500.

ఈ వరసని చదవడానికి ఇద్దరొస్తారు. ఎగుమతి వ్యాపారి గుమస్తాకి కావాల్సింది ఇవాళ ఏయే ధరలు పలికాయన్న జాబితా. 13,500, 14,000, 14,200, 14,500 అని నాలుగు అంకెలు చెబితే ఆయన వెళ్ళిపోతాడు. రెండో ఆయనకి మోడల్ ధర కావాలి. కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ మార్కెట్‌కి మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు ఏ ధరకి పోయిందో అది. రైతు బండి కట్టేముందు చూసుకునేది దాన్నే, ఎందుకంటే గరిష్ఠ ధర ఎక్కడో ఒక్క లాటుకే వచ్చి ఉండొచ్చు.

ఇప్పుడు మొదటాయన కోసం ఆ అర్రే మీద 26వ లెక్క చేశామనుకోండి. కనిష్ఠ ధర పదిలంగా ఉంటుంది. గరిష్ఠ ధరా ఉంటుంది. మోడల్ ధర మాత్రం శుభ్రంగా పోతుంది, అదీ ఏ ఎర్రరూ రాకుండా. 14,000 మూడుసార్లు ఉందంటే ముగ్గురి సరుకు ఆ ధరకి పోయిందని అర్థం, అందులో తుడిచెయ్యాల్సిన మురికి ఏమీ లేదు. గుమస్తా ప్రశ్నకి అవి అక్కర్లేదు, అంతే. అక్కర్లేకపోవడం చదివేవాడి వైపు సంగతి కాబట్టి దాన్ని చదివే పనిముట్టులో పెట్టాలి. ఆ పనిముట్టే ఇటరేటర్. ఇద్దరికీ ఒకే అర్రే ఇచ్చి, ఒకరికి మామూలు ఇటరేటర్, ఇంకొకరికి దాటే ఇటరేటర్ ఇస్తే ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఈ మాట ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న మా మేనల్లుడితో అంటే వాడు ఒప్పుకోలేదు.

“సెట్‌లో పోస్తే అయిపోద్ది గదా మావయ్యా. దీనికింత పురాణమెందుకు?”

“పోసి చూడు.”

సెట్ అంటే ఒక్కో విలువనీ ఒక్కసారే ఉంచుకునే సంచి లాంటిది. పైథాన్ భాష తెరిచి 1, 1, 2, 3, 3 పోశాడు. 1, 2, 3 వచ్చింది. “చూశావా, వరస కూడా చెడలా” అన్నాడు.

“అంకెలు కాదురా, ఊళ్ళ పేర్లు పొయ్యి.”

తాడికొండ, తెనాలి, పొన్నూరు, మంగళగిరి పోశాడు. వరస చెడింది. ప్రోగ్రామ్ ఆపి మళ్ళీ నడిపితే ఇంకో వరసలో వచ్చాయి. అప్పుడు కాసేపు మాట్లాడలేదు.

చిన్న పూర్ణాంకాలకు పైథాన్‌లో హాష్ విలువ (సెట్‌లో ఎక్కడ కూర్చోవాలో తేల్చే సంఖ్య) ఆ అంకే కాబట్టి సెట్‌లో అవి వరసగా కూర్చున్నట్టు కనిపిస్తాయి, అది కేవలం అదృష్టం. మాటలకైతే పైథాన్ 3.3 నుంచి ప్రతి రన్‌కీ హాష్ మారుతుంది, భద్రత కోసం కావాలనే అలా చేశారు. అంటే సెట్‌లో పోశాక మళ్ళీ సార్ట్ చేసుకోవాలి. ఒకసారి పేర్చి ఉన్నదాన్ని చెదరగొట్టి, మళ్ళీ పేర్చడం. పేర్చడానికి ఎవరో ఖర్చు పెట్టేశారు, ఆ ఫలితం మన చేతిలో ఉంది: ఒకేలాంటివన్నీ పక్కపక్కనే ఉంటాయన్న హామీ. ఆ హామీ ఉండబట్టే ఇప్పటిదాకా చూసినవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పక్కనున్నదాన్ని చూస్తే చాలు. సెట్‌కి ఎన్ని వేరు వేరు విలువలుంటే అంత మెమరీ కావాలి, ఇటరేటర్‌కి ఒక్క ఇండెక్స్, అంటే అర్రేలో చోటు చెప్పే సంఖ్య, చాలు. గుమస్తా మొదటి పది ధరలు చూసి చాలన్నాడనుకోండి, ఇటరేటర్ అక్కడితో ఆగిపోతుంది. మిగతా అర్రే జోలికే పోదు.

అర్రే పేర్చి లేకపోతే మాత్రం మేనల్లుడి మాటే రైటు. డూప్లికేట్లు వదిలించుకోవడం కోసమే సార్ట్ చెయ్యడం దండగ.

యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డూప్లికేట్ లైన్లు తీసే యునీక్ అనే కమాండ్ ఈ హామీ మీదే బతుకుతోంది, 1973లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచీ. అది పక్క లైనుతో తప్ప దేనితోనూ పోల్చదు. సార్ట్ చెయ్యకుండా దానికి ఫైలు ఇచ్చి, డూప్లికేట్లు పోలేదని తిట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దాని గొప్పతనం ఏమిటంటే వచ్చిన ఫైలుని తాకదు. చదువుతుంది, దాటుతుంది, కొత్తవి బయటికి పంపుతుంది. దాంట్లో లెక్కపెట్టే ఆప్షన్ కూడా ఉంది, ఒక్కో లైను ఎన్నిసార్లు వచ్చిందో పక్కన వేస్తుంది. దాటేటప్పుడు ఎలాగూ ఒక్కొక్కటీ చూస్తున్నాం కదా, ఎన్ని దాటామో పారెయ్యడమెందుకు? మన ఇటరేటర్ కూడా విలువతో పాటు ఎన్ని కాపీలో చెబితే మోడల్ ధర కోసం వచ్చిన రెండో ఆయన పని కూడా దీంతోనే తెమిలిపోతుంది. ఆ సంగతి పక్కనపెట్టి ముందు మామూలుది రాద్దాం.

ఎవరికి ఇచ్చినా మొదట తట్టే పద్ధతి ఒకటే: చివరగా ఇచ్చిన విలువని ఒక వేరియబుల్‌లో దాచుకోవడం, తర్వాతిది దానితో సమానమైతే దాటడం. బాగానే ఉంది. మరి మొట్టమొదటి ఎలిమెంట్ దగ్గర ఆ వేరియబుల్‌లో ఏముండాలి? చాలామంది మైనస్ ఒకటి రాస్తారు. మిర్చి ధర మైనస్‌లో ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. తర్వాత ఎవరో అదే క్లాసుని ఖాతా నిల్వల అర్రే మీద వాడతారు. పేర్చిన వరసలో మొదటి నిల్వ సరిగ్గా మైనస్ ఒకటైతే అది నోరెత్తకుండా మాయమైపోతుంది. నల్, అంటే ‘విలువ లేదు’ అన్న గుర్తు, పెడదామంటే, నల్‌లు ఉన్న అర్రేలో అదే గొడవ. ఇది తెలియనివాళ్ళ సమస్య అనుకోకండి. జావా భాష సోర్సు ఎవరైనా చూడగలిగే ఓపెన్‌జేడీకేలో స్ట్రీమ్స్ (విలువల ప్రవాహాలు) భాగం తెరిచి, డూప్లికేట్లు తీసే డిస్టింక్ట్ ఎలా రాశారో చూడండి. స్ట్రీమ్ సార్ట్ అయి ఉందని ముందే తెలిస్తే హాష్‌సెట్ వాడరు, చివర చూసిన విలువని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. దాని పక్కనే ‘నల్ చూశామా లేదా’ అని ఒక బూలియన్ (అవును, కాదు అని మాత్రమే చెప్పే వేరియబుల్) కూడా ఉంటుంది. మొదటి విలువ దగ్గర వచ్చే ఈ తలనొప్పికే ఆ బూలియన్.

రెండో తప్పు ఇంకా రసవత్తరమైనది. జావా పద్ధతిలో ఇటరేటర్‌కి రెండు మెథడ్లు: ఇంకా ఉన్నాయా అని చెప్పే హ్యాజ్‌నెక్స్ట్, తర్వాతిది ఇచ్చే నెక్స్ట్. 5, 5 అని రెండే ఉన్న అర్రే తీసుకోండి. మొదటి 5 ఇచ్చేశాం, ఇండెక్స్ రెండో 5 మీద ఉంది. ఇంకా ఉన్నాయా? ఇండెక్స్ పొడవు కన్నా తక్కువే కాబట్టి ఉన్నాయంటుంది హ్యాజ్‌నెక్స్ట్. నెక్స్ట్ పిలిస్తే రెండో 5ని దాటి అర్రే చివర నుంచి జారి పడుతుంది. ఈ ప్రశ్న ఇచ్చినప్పుడు నేను మొదట నడిపే టెస్టు ఇదే, ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. దాన్ని సరిచెయ్యడానికి దాటే పనిని హ్యాజ్‌నెక్స్ట్‌లోకి మారుస్తారు. అప్పుడు 5, 5 పాసవుతుంది. కానీ హ్యాజ్‌నెక్స్ట్ పిలవకుండా నెక్స్ట్‌ని వరసగా రెండుసార్లు పిలిచి చూడండి, 5 రెండుసార్లు వస్తుంది. ముందు హ్యాజ్‌నెక్స్ట్ పిలిచి తీరాలన్న షరతు జావాలో ఎక్కడా లేదు. ప్రశ్న అడిగినంత మాత్రాన లోపల ఏదో జరగాలని నమ్ముకున్న కోడ్ ఎప్పటికైనా కొంప ముంచుతుంది.

దారి చాలా తేలిక. విలువ చేతిలోకి తీసుకున్నాక, దాన్ని ఇచ్చేలోపే మిగతా కాపీలన్నీ దాటెయ్యాలి. అప్పుడు రెండు పిలుపుల మధ్యలో ఇండెక్స్ ఎప్పుడూ రెండు చోట్లలో ఒకచోటే ఉంటుంది: ఇంకా ఇవ్వని విలువ తాలూకు మొదటి కాపీ మీద, లేదా అర్రే అయిపోయిన చోట. ఈ ఒక్క వాక్యాన్ని నిలబెట్టడమే మొత్తం పని.

ఇంకా ఉన్నాయా:
    చోటు < పొడవు

తర్వాతిది:
    విలువ = వరస[చోటు]
    చోటు = చోటు + 1
    (చోటు < పొడవు) మరియు (వరస[చోటు] == విలువ) అయినంతసేపు:
        చోటు = చోటు + 1
    విలువ ఇచ్చెయ్

అర్రే అయిపోయాక కూడా నెక్స్ట్ అడిగితే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని చెప్పి ఆపే కబురు) వెయ్యాలి, ఆ లైను రాయలేదు. మొదట్లో చోటు సున్నా. సున్నాలో ఉన్నది ఏదైనా సరే అది తన విలువకి మొదటి కాపీయే కదా, కాబట్టి మైనస్ ఒకటి అక్కర్లేదు, నల్ అక్కర్లేదు, బూలియన్ అక్కర్లేదు. ఖాళీ అర్రే ఇచ్చినా విడిగా చూసుకోనక్కర్లేదు. హ్యాజ్‌నెక్స్ట్ ఒక్క పోలికకి దిగిపోయింది, వందసార్లు పిలిచినా ఏమీ మారదు. ఇన్ని తలనొప్పులు ఒక్కసారిగా పోవడానికి కారణం తెలివైన కోడ్ కాదు. దాటడం ఎప్పుడు చెయ్యాలన్న నిర్ణయం మార్చాం, అంతే.

లూప్ షరతులో ముందు పొడవు, తర్వాత విలువ. తిరగేసి రాస్తే చివరి గుంపు దగ్గర అర్రే దాటి అవతలున్నదాన్ని చదువుతాం. జావా వెంటనే ఎక్సెప్షన్ వేసి మన పరువు నిలబెడుతుంది. సీలో అయితే అవతల ఏ చెత్త ఉంటే అది చదివి, చాలాసార్లు సరైన జవాబే ఇచ్చి, ఆ తప్పుని ఏళ్ళకేళ్ళు దాచిపెడుతుంది.

ముందే దాటెయ్యడానికి ఒక ఖరీదుంది. ధరలు అర్రేలో కాకుండా వేలం నడుస్తుండగా నెట్‌వర్క్ మీద ఒక్కొక్కటే వస్తున్నాయనుకోండి. 14,000 చేతికొచ్చింది, దాన్ని ఇవ్వాలంటే తర్వాతది 14,000 కాదని తేలాలి. అది వచ్చేదాకా చేతిలో ఉన్నదాన్ని బిగబట్టుకుని కూర్చోవాలి. అక్కడ మాత్రం వెనక్కి చూసే పద్ధతే, అంటే చివరగా ఇచ్చిన విలువని దాచుకునేదే, వాడాలి, దాంతోపాటు ఆ బూలియన్ కూడా. ఎదురుచూపులేమీ లేని అర్రే దగ్గరికి కూడా ఆ పద్ధతిని మోసుకురావడం అనవసరం.

ఇదంతా రాశాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఆ లూప్‌లో రెండు సమానం గుర్తులు అమాయకంగా కూర్చున్నాయి చూశారా, నా ఉద్దేశంలో మొత్తం సమస్యలో గట్టి భాగం అదే.

ఊళ్ళ పేర్లకే వద్దాం. తెలుగులో ఎత్వానికి యూనికోడ్ (అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం) సంఖ్య 3142, ఏత్వానికి 3143, ఐత్వానికి 3144. ఐత్వాన్ని ఇంకో రకంగానూ రాయొచ్చు: ఎత్వం పెట్టి, దాని కింద 3158 సంఖ్య గల ఐత్వపు గుర్తు చేర్చొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. యూనికోడ్ ప్రమాణం కూడా రెండూ ఒకటేనని చెబుతుంది. కానీ కంప్యూటర్‌లో ఉన్న సంఖ్యలు వేరు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లను ఇలా విడగొట్టే దాచేది, అలాంటి చోట్ల నుంచి వచ్చిన డేటాలో ఈ రెండో రకం తగులుతుంది.

మైలవరం ఈ రెండు రకాలుగానూ ఉన్న జాబితా తీసుకుని, సంఖ్యల వరసలో సార్ట్ చెయ్యండి. జాబితాలో మేడికొండూరు కూడా ఉంది. విడగొట్టి రాసిన మైలవరంలో మకారం తర్వాత 3142 వస్తుంది, మేడికొండూరులో 3143, మామూలు మైలవరంలో 3144. కాబట్టి పేర్చిన వరస ఇలా ఉంటుంది: మైలవరం, మేడికొండూరు, మైలవరం. ఇటరేటర్ ఆ ఊరిని రెండుసార్లు ఇస్తుంది. చూసినవాడు సమానం అన్న పోలికలో లోపం ఉందనుకుంటాడు, రెండు పేర్లనీ ఒకే రూపంలోకి మార్చి పోల్చేట్టు ఆ పోలికని దిద్దుతాడు. అయినా రెండుసార్లే వస్తుంది, ఎందుకంటే మధ్యలో మేడికొండూరు ఉంది. పక్కపక్కనే ఉంటాయన్న హామీ సార్ట్ ఇచ్చింది, సార్ట్‌కి మాత్రం అవి రెండు వేరు ఊళ్ళు.

ఏ కొలతతో పేర్చారో అదే కొలతతో ఒకటా కాదా తేల్చాలి. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో సార్ట్ మామూలుగా ‘చిన్నదా’ అని అడుగుతుంది, యునీక్ ‘సమానమా’ అని అడుగుతుంది. రెండు ప్రశ్నలకి జవాబు చెప్పే కోడ్ రెండు వేరు చోట్ల ఉంటుంది, అవి ఎప్పుడైనా విడిపోవచ్చు. అందుకే నా ఇటరేటర్‌లో సమానం గుర్తు ఉండదు. సార్ట్‌కి ఇచ్చిన కంపారేటర్‌నే, అంటే రెంటిలో ఏది చిన్నదో చెప్పే కోడ్‌నే, దీనికీ ఇస్తాను, ‘ఎడమది కుడిదాని కన్నా చిన్నది కాకపోతే’ దాటెయ్యమంటాను. పేర్చిన అర్రేలో పక్కపక్క వాటికి ఆ ఒక్క ప్రశ్న సరిపోతుంది. కంపారేటర్‌లోనే పేర్లను ఒకే రూపంలోకి తెచ్చి పోలిస్తే సార్టూ, ఇటరేటరూ రెండూ ఒకే మాట మీద ఉంటాయి. ఇక ఒకరు బాడిగ అని, ఇంకొకరు బ్యాడిగి అని రాసుకొచ్చిన పేర్లని కలపడం ఏ ఇటరేటర్ వల్లా కాదు. దానికి మనిషి కూర్చుని రాసిన పట్టిక కావాలి.

దశాంశ సంఖ్యల్లో నాన్ (‘ఇది అంకె కాదు’ అన్న గుర్తు) అనే విలువ ఉంటే, 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం అది తనతో తనే సమానం కాదు. సమానం గుర్తు వాడితే ప్రతి నాన్ కొత్తదిగా బయటికొస్తుంది, ‘చిన్నది కాకపోతే’ అంటే పక్కదాని కింద కలిసిపోతుంది. సార్ట్ చెయ్యకముందే ఏరి పారెయ్యండి.

ఒకటేనని తేల్చిన వాటిలో ఏ కాపీని ఇస్తున్నామన్నది కూడా ఆలోచించాలి. ఉట్టి అంకెలైతే ఏదైనా ఒకటే. లాటు వివరాలన్నీ ఉన్న రికార్డులని ధర ప్రకారం పేర్చినప్పుడు మాత్రం, 14,000 కింద మొదటి లాటు ఎవరిదన్నది మారిపోతుంది. పైథాన్ సార్ట్, జావాలో ఆబ్జెక్టుల సార్ట్, సమానమైనవాటి పాత వరస చెడగొట్టవు. వేలంలో ముందు పలికిన లాటే ముందుంటుంది, మన ఇటరేటర్ దాన్నే ఇస్తుంది. సీ ప్లస్ ప్లస్ మామూలు సార్ట్ ఆ హామీ ఇవ్వదు, దానికి స్టేబుల్ సార్ట్ అని వేరే ఉంది.

వేగం గురించి అడిగేవాళ్ళుంటారు కాబట్టి అదీ చూద్దాం. లక్ష ఎంట్రీలున్న అర్రే అనుకోండి, ధరలు 8,000 నుంచి 20,000 దాకా వంద రూపాయల మెట్లతో. అంటే వేరు వేరు ధరలు 121 మాత్రమే. ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతే లక్ష పోలికలు. ఒక్కో ధరకీ సగటున 826 కాపీలు. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని అంగలు రెట్టిస్తూ దూకి, గుంపు దాటిపోయాక చివరి అంగలో బైనరీ సెర్చ్ (సగం సగం కోస్తూ వెతకడం) చేస్తే ధరకి ఇరవై పోలికలతో పోతుంది. మొత్తం రెండున్నర వేల లోపే. ఈ దూకుడుని జాన్ బెంట్లీ, ఆండ్రూ యావ్ 1976లో విశ్లేషించారు. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్‌లో కూడా ఇదే పద్ధతి ఉంది. దూకడమెందుకు, నేరుగా మిగిలిన అర్రే అంతటి మీదా బైనరీ సెర్చ్ చేస్తే పోదా అంటే, ఈ డేటాకి అది రెండు వేల దగ్గర తేలి ఇంకాస్త చౌకగానే ఉంటుంది. కానీ లక్షకి లక్షా వేరు వేరు విలువలైతే దానికి 15 లక్షల పోలికలవుతాయి. రెట్టించే దూకుడు మొదట పక్కదాన్నే చూస్తుంది కాబట్టి లక్షతోనే సరిపెడుతుంది. డేటా ఎలా ఉంటుందో తెలియనప్పుడు నేను దూకుడు వైపే.

అయినా మిర్చి ధరల కోసం నేనది రాయను. లక్ష పూర్ణాంకాలంటే ఒక్కోదానికి నాలుగు బైట్ల చొప్పున నాలుగు లక్షల బైట్లు. ఒకదాని పక్కన ఒకటి వరసగా చదవడమంటే ప్రాసెసర్లకి మహా ఇష్టం. సీలోనో జావాలోనో అది మిల్లీసెకనులోపే అయిపోతుంది. ఆ మాత్రం దానికి మరుసటి ఏడాది నాకే అర్థంకాని కోడ్ రాసుకోవడం ఎందుకు? ఒక్కో పోలికా ఖరీదైనప్పుడు, డిస్కు నుంచో సర్వర్ నుంచో తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు దూకండి.

మేనల్లుడి చివరి అస్త్రం జనరేటర్, అంటే ఈల్డ్ అన్న చోట విలువ ఇచ్చి ఆగి, మళ్ళీ అడిగితే అక్కణ్ణుంచే సాగే ఫంక్షన్. “పైథాన్‌లో ఈల్డ్ పెడితే క్లాసే అక్కర్లేదు, గ్రూప్‌బై వాడితే అసలు లూపే అక్కర్లేదు. ఇంకా చేత్తో రాయడమేంది?” నిజమే. 2004లో వచ్చిన పైథాన్ 2.4 నుంచి గ్రూప్‌బై ఉంది, అది కూడా యునీక్ లాగే పక్కపక్కవాటినే గుంపు కడుతుంది. ఈల్డ్ అయితే ఇంకా పాత సరుకు. 1970ల మధ్యలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం తయారుచేసిన సీఎల్‌యూ భాషలోనే ఆ మాట, ఆ పద్ధతి ఉన్నాయి. ఉద్యోగంలో నేనూ అదే వాడతాను. కానీ ఈల్డ్ రాసినప్పుడు ఆగిన చోటుని గుర్తుపెట్టుకునే పని మన బదులు భాష చేస్తుంది. ఏది గుర్తుపెట్టుకోవాలి, ఎప్పుడు ముందుకు జరగాలి అన్న నిర్ణయాలు కనపడకుండా పోతాయి. ఇంటర్వ్యూలో నాకు కావాల్సింది ఆ నిర్ణయాలే. గ్రూప్‌బై వాడినవాణ్ణి తప్పుపట్టను. ‘సరే, అది లోపల ఎట్టా చేస్తది?’ అని అడుగుతాను. అక్కణ్ణుంచి మళ్ళీ 5, 5 దగ్గరికే వస్తాం.

వెనక్కి నడిచే ఇటరేటర్ జోలికి మాత్రం వెళ్ళొద్దంటాను. ముందుకు వెళ్ళేటప్పుడు గుంపులో మొదటి కాపీ మీద ఆగుతున్నాం కాబట్టి, వెనక్కి వచ్చినప్పుడూ మొదటి కాపీ మీదే ఆగాలి. అంటే ఒక అడుగు వెనక్కి వేసి, ఆ గుంపు మొదలు దాకా పోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో దీన్ని రివర్స్ ఇటరేటర్‌లో చుడితే ఇంకా దారుణం. అది విలువ చూసిన ప్రతిసారీ లోపల ఒక కాపీ చేసుకుని దాన్ని వెనక్కి జరుపుతుంది, కాబట్టి ఊరికే విలువ చూసినా గుంపంతా నడవాలి. పెద్ద ధర నుంచి చిన్నదానికి కావాలంటే ఇండెక్స్‌ని చివర నుంచి మొదలుపెట్టి, అదే కోడ్‌ని తిరగేసి ఇంకో చిన్న క్లాసు రాసుకోవడం సుఖం.

మిగిలింది జావా ఇటరేటర్‌లో ఉన్న రిమూవ్. చివరగా ఇచ్చినదాన్ని తీసెయ్యమని దాని అర్థం. మన ఇటరేటర్ 14,000 ఇచ్చాక ఎవరైనా రిమూవ్ పిలిస్తే ఏం చెయ్యాలి? ఒక్క కాపీ తీస్తే, మళ్ళీ మొదటి నుంచి చదివినప్పుడు 14,000 అక్కడే ఉంటుంది, తీశామన్న మాట అబద్ధమవుతుంది. మూడూ తీస్తే, పిలిచినవాడు ఒక్కటే పోతుందనుకుంటాడు, మూడు లాట్లు పోతాయి. ఈ రెంటిలో ఏది సరైనదని మేనల్లుడు నన్ను చాలాసేపు పీడించాడు. జావా 8 నుంచి రిమూవ్ రాయకుండా వదిలేస్తే, ఎవరు పిలిచినా ఆ పని చెయ్యనని చెప్పే ఎక్సెప్షన్ దానంతటదే పడుతుంది. వదిలెయ్యమన్నాను.